పెద్దపట్టు

కార్ఖానా, మెట్ల కింద ఆఫీసు గది
వానలు మొదలైన వారం

మామయ్యకి,

నీ గడుగ్గాయి మేనకోడలు రాస్తున్నది. ఫోన్ చెయ్యొచ్చుగా అని అత్తయ్య అంటుంది. ఫోన్లో మనిద్దరం ఎలా మాట్లాడుకుంటామో మీ పక్కింటివాళ్లకి కూడా తెలుసు. వ్యాపారం సంగతులు కాయితం మీదే అన్న నియమం పెట్టింది నువ్వే. కాయితం మీదైతే నువ్వు అరిచినా నాకు వినపడదు.

ఈ ఉత్తరంతో పాటు ఒక పొట్లం వస్తుంది. అందులో ఉన్నది నా కుళాయి. మనదే అనుకో, కానీ మొదటి నెలన్నా నన్ను 'నా' అననీ.

నువ్వు చేసిన పాత కుళాయిలో రబ్బరు వాషరు ఉంటుంది. మర తిప్పి తిప్పి దాన్ని నొక్కితేనే నీళ్లు ఆగుతాయి. ఇందులో వాషరే లేదు. రెండు నున్నటి పింగాణీ బిళ్లలు ఒకదాని మీద ఒకటి జారతాయి. పిడిని పావు చుట్టు తిప్పితే నీళ్లు, వెనక్కి తిప్పితే బందు. అంతే! చిటికెన వేలు చాలు. చేతులు ఖాళీ లేకపోతే మోచేత్తో నెట్టు. పెద్ద కంపెనీలు ఇలాంటివి ఎప్పటినుంచో చేస్తున్నాయి, కాదనను. వాళ్ల ధర చూస్తే నీళ్లు కుళాయిలో రావు, కళ్లల్లో వస్తాయి. మనది అందులో సగం. ఈ పిడి వంపు మాత్రం ఎవరి దగ్గరా లేదు. అది నేను మైనంతో మలుచుకుని, అరగదీసి, పారేసి, మళ్లీ మలుచుకున్న వంపు.

పాత కుళాయికి గిరాకీ తగ్గిపోతున్న సంగతి నీకు తెలుసు. నువ్వు చేసింది చెడదు, చెడదు కాబట్టి కొన్నవాడు మళ్లీ మన గుమ్మం తొక్కడు. ఇప్పుడు ఆసుపత్రులు కట్టే సంస్థ ఒకటి ఈ కొత్తదాన్ని చూసి మొదటి విడత సరుకు అడిగింది. అది నచ్చితే వాళ్లు కట్టే ప్రతి ఆసుపత్రికీ మనమే. అందుకని కార్ఖానా మొత్తాన్ని కొత్త కుళాయికి మార్చేద్దామనుకుంటున్నాను. కొత్త యంత్రాలు కావాలి. బ్యాంకు ఒప్పుకుంది. భాగస్తులం ఇద్దరం సంతకాలు పెట్టాలి. కాయితాలు లోపల పెట్టాను. నీ గొలుసుకట్టు సంతకం ఒక్కటి గిలికి పంపించు.

నీ కోడలు

*

సముద్రం వైపు ఇల్లు, రెండో అంతస్తు
ఇక్కడా వానే

చిరంజీవి గడుగ్గాయికి,

పొట్లం అందింది. మీ అత్తయ్య నగేమో అనుకుని ఎగబడి విప్పింది. కుళాయి అని తెలిశాక ఆవిడ మొహం నువ్వు చూడాల్సింది. అయినా వంటింట్లో బిగించాక, పిండి చేతులు అంటకుండా మోచేత్తో నెట్టుకుంటూ 'మా కోడలు, మా కోడలు' అని మురిసిపోయింది. నాలుగు రోజులు ఆ మురిపెం చూశాను.

తరవాత మా భవనం వాచ్‌మన్‌ని పిలిచాను. ఎద్దులాంటి మనిషి. వాడి చేత పెద్దపట్టు పట్టించాను. మన కార్ఖానాలో పుట్టిన ఏ కుళాయి అయినా, దమ్ము బిగబట్టి రెండు చేతులా ఆఖరి బిగింపు బిగిస్తే ఓర్చుకోవాలి కదా? ఆ పట్టు తినకుండా ఒక్కటంటే ఒక్క కుళాయి నా హయాంలో పెట్టె ఎక్కలేదు. నీ కుళాయి ఏం చేసిందో తెలుసా? లోపల 'టిక్'మంది. టిక్కుమనే కుళాయిని నా జన్మలో చూడలేదు! మర్నాటి నుంచి బొట్టు బొట్టు కారుతోంది. అత్తయ్య కింద గిన్నె పెట్టింది.

నా మాట విను. సుకుమారం వేరు, సరుకు వేరు. సంతకానికి తొందరేముంది? ఆలోచిద్దాం.

ఆశీస్సులతో,
మామయ్య

*

కార్ఖానా, మెట్ల కింద ఆఫీసు గది
ఎడతెరిపి లేని వాన

మామయ్యకి,

నీ వాచ్‌మన్‌ని నా కుళాయికి దూరంగా ఉంచు. పెద్దపట్టు అక్కర్లేకుండా చెయ్యడానికే కదా నేను ఇన్నాళ్లు చేతులు కాయలు కాసేలా కష్టపడ్డది! పిడి ఆగిన చోట ఆగాలి. ఆ తరవాత బలం చూపిస్తే ఏ వస్తువైనా విరుగుతుంది. ఇక్కడ నీళ్ల ఒత్తిడి పెట్టి పరీక్షించే బల్ల పెట్టాను. ప్రతి కుళాయీ దాని మీద నెగ్గాకే కదులుతుంది.

నీకు కోపం తెప్పించే మాట ఎలాగూ రాయాలి కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నాను. ఆసుపత్రి వాళ్లు సరుకు తిప్పి పంపారు. అంతా కాదు, అయినా చాలానే. బిగించిన వారానికే కారుతున్నాయట. విప్పి చూస్తే పింగాణీ బిళ్లలో వెంట్రుక మందాన పగులు. బల్ల మీద నెగ్గినవి అక్కడికి వెళ్లేసరికి ఎలా పగిలాయో నాకు అంతుపట్టడం లేదు. వాటికి బదులు కొన్ని పంపుతూ, బిళ్లలు ఇచ్చేవాణ్ణి మార్చాను. కొత్తవాడి బిళ్లలూ అంతే. దారిలో లారీ కుదుపులేమో అని పెట్టెల్లో మెత్తలు వేయించాను. అయినా అంతే.

ఇంకొక్క విడతకి అవకాశమిచ్చారు. అదీ కారితే ఇక మన మొహం చూడరు. ఈలోపు పెద్ద కంపెనీ మనిషి ఒకడు వచ్చి నా ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు. మన పేరూ, మన స్థలమూ కొంటాడట. కార్ఖానా మూసేస్తాడట. పోతపోసేవాళ్లూ, మెరుగుపెట్టేవాళ్లూ, ప్యాకింగ్ ఆడవాళ్లూ ఏమవ్వాలి అని అడిగితే, 'అది మా పరిధిలోకి రాదండీ' అన్నాడు. మర్యాదగానే అన్నాడు. అందుకే ఇంకా ఒళ్లు మండింది.

నేను ఓడిపోను మామయ్యా. లోపం ఎక్కడుందో పట్టుకుంటాను. కానీ యంత్రాల కాయితం మీద నీ సంతకం లేకపోతే నా చేతులు కట్టేసినట్టే. ఇంతకీ నీ అక్షరాలేంటి, మేకలు కొండెక్కినట్టు పైకి పోతున్నాయి?

కోడలు

*

సముద్రం వైపు ఇల్లు

శ్రీయుత మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

తమరి ఉత్తరం అందింది. అక్షరాల మీద తమరి వ్యాఖ్య కూడా అందింది. కళ్లద్దాలు మార్చాను, అంతే.

తమరు అడిగిన సంతకం గురించి బాగా ఆలోచించాను. పెద్ద కంపెనీ వాళ్లు గుమ్మంలోకి వచ్చి అడుగుతున్నప్పుడు ఇచ్చెయ్యడమే మంచిదని నాకు తోస్తోంది. దేనికైనా ఒక కాలం ఉంటుంది. పనివాళ్లకి మంచి మొత్తం ముట్టేలా మాట్లాడండి. తమరు తెలివైనవారు, ఎక్కడైనా బతుకుతారు.

ఇట్లు,
తమరి భాగస్తుడు

*

కార్ఖానా, ప్యాకింగ్ బల్ల పక్కన నిలబడి రాస్తున్నాను
వాన వెలిసింది

వ్యవస్థాపకులు గారికి, మామయ్యకి, మొండిఘటానికి,

ముందు నిన్ను తిట్టాలి. తరవాత నీకు దణ్ణం పెట్టాలి. తిట్టడం తరవాతకి వాయిదా వేస్తున్నాను, ఎందుకంటే లోపం దొరికింది!

నీ పోయిన ఉత్తరం చదివి ఏడుపొచ్చింది. ఇచ్చెయ్యమని నువ్వు రాస్తావా? పోత గదికి నిప్పంటుకున్నప్పుడు కూడా 'ముందు అచ్చులు బయటికి తియ్యండ్రా' అని అరిచిన మనిషివి! ఆఫీసు గదిలో ఊపిరాడక బయటికొచ్చి ప్యాకింగ్ బల్ల దగ్గర పెట్టె మీద కూలబడ్డాను. ఎవరూ నన్ను పట్టించుకోలేదు, పని నడుస్తోంది. అప్పుడు వినపడింది. టిక్.

కాసేపటికి మళ్లీ. టిక్.

నీ ఉత్తరంలో మాట మెదిలింది. లేచి వెళ్లి చూద్దును కదా, మన ప్యాకింగ్ అక్క పరీక్ష బల్ల మీద నెగ్గి వచ్చిన కుళాయిని తీసుకుని, కొంగు నడుముకి బిగించి, రెండు చేతులా పట్టుకుని, పళ్లు కరుచుకుని ఒక్క తిప్పు తిప్పి, ముద్దుగా గుడ్డతో తుడిచి పెట్టెలో పెడుతోంది.

'అక్కా, ఏం చేస్తున్నావు?' అన్నాను.

'పెద్దపట్టు పడుతున్నానమ్మా' అంది, ఇదేం ప్రశ్న అన్నట్టు చూస్తూ.

'ఎవరు పట్టమన్నారు?'

'ఎవరన్నా చెప్పాలా? పెద్దాయన ఉన్నప్పటినుంచి పడుతున్నాం. కొత్తది కదా, పాపం అమ్మాయి కష్టపడి చేసింది, గట్టిగా ఉండాలని ఇంకొంచెం ఎక్కువే పడుతున్నాం.'

మామయ్యా, నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పని పద్ధతులన్నీ నేను తిరగరాశాను. పెద్దపట్టు మాత్రం తీసెయ్యలేదు, ఎందుకంటే అది ఏ పద్ధతిలోనూ రాసి లేదు. దాన్ని ఎవరూ నేర్పరు, అందరికీ వచ్చు. కొత్తగా చేరిన పిల్ల పెద్దపట్టు పట్టగలిగిన రోజున బల్లంతా చప్పట్లు కొడుతుంది. నా కుళాయిని శత్రువులు విరగ్గొట్టలేదు. మనవాళ్లే ప్రేమ కొద్దీ విరగ్గొట్టారు.

ఇక మానెయ్యండి అన్నాను. మేస్త్రి తల గోక్కున్నాడు. చివరికి అక్క అంది, 'పట్టు లేకుండా పంపిస్తే రేపు కారితే పెద్దాయన పేరు పోతుందమ్మా. ఆయన వచ్చి ఒక్క మాట చెబితే మానేస్తాం.'

హుకుం జారీ చేసి మాన్పించగలను. నా ఎదురుగా మానేసి, నేను వెనక్కి తిరగ్గానే పడతారు. వాళ్లని తప్పుపట్టను. చెప్పింది నమ్మాకే చేసే మనుషులతోనే ఈ కార్ఖానా ఇంతకాలం నిలబడింది. కాబట్టి నువ్వు రా. రెండో విడత వచ్చే నెల పంపాలి.

ఇంకో మాట. ఉత్తరం మళ్లీ చదివాను. వాచ్‌మన్‌ని ఎందుకు పిలిచావు? తా పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషివి, నీ కుళాయి మీద ఇంకొకరి చెయ్యి పడనివ్వని మనిషివి. పట్టు నువ్వే పట్టొచ్చుగా? అక్షరాలు కొండెక్కడం, సంతకం రాకపోవడం, పట్టు ఇంకొకరి చేత పట్టించడం. నీ చేతికేమైంది మామయ్యా?

కోడలు

*

సముద్రం వైపు ఇల్లు

గడుగ్గాయీ,

నీకు ఇంత తెలివి మీ అమ్మ దగ్గర్నుంచే వచ్చింది, ఆవిడ దగ్గరా ఏదీ దాగేది కాదు.

చలికాలంలో ఒకరోజు పొద్దున్నే చేతిలోంచి కాఫీ గ్లాసు జారింది. మళ్లీ తీద్దామంటే వేళ్లు నా మాట వినలేదు. డాక్టరు చిన్నపాటి పక్షవాతమే అన్నాడు. నడక బాగుంది, మాట బాగుంది, ఆకలి మరీ బాగుంది. కుడిచెయ్యి మాత్రం బాకీ ఉన్నవాడిలా మొహం చాటేసింది. నీకు చెప్పొద్దని అత్తయ్య చేత ఒట్టు వేయించుకున్నాను. ఎడమచేత్తో రాయడం నేర్చుకున్నాను. ఆ మేకలు అవే.

నువ్వు పంపిన కాయితం పక్కన పెట్టుకుని వేరే కాయితం నిండా సంతకాలు పెట్టాను. ఒక్కటీ నాది కాదు. సంతకమే పెట్టలేనివాడు భాగస్తుడేంటి అనిపించింది. ఇచ్చెయ్యమన్నది అందుకు. భయపడ్డానే, అంతకంటే ఏం లేదు.

అన్నింటికంటే సిగ్గుపడాల్సిన సంగతి చెబుతాను. నీ కుళాయి బిగించిన రోజే, అత్తయ్య చూడకుండా, ఈ కుడిచెయ్యి దాని మీద వేశాను. తిరిగింది. నీళ్లొచ్చాయి. ఇంట్లో ఈ చేత్తో తిరిగిన వస్తువు అదొక్కటే. సంతోషించాల్సింది పోయి నాకు కోపమొచ్చింది. ఈ చేతికి లొంగిందంటే అది ఎంత బలహీనమైన సరుకో అనుకున్నాను. అందుకే వాచ్‌మన్‌ని పిలిచాను.

నేను రాలేను. వాళ్లకి నేనంటే ఈ చెయ్యే. ఏ మొహం పెట్టుకుని ఆ బల్ల ముందు నిలబడను?

మామయ్య

*

కార్ఖానా, మెట్ల కింద ఆఫీసు గది

మా మామయ్యకి,

రెండు రోజులు ఏమీ రాయలేకపోయాను. ఏడ్చాను, అది కూడా రాసేస్తున్నాను, మన మధ్య ఇక దాపరికం వద్దు. అత్తయ్య మీద అలిగాను. ఫోన్ చేసి అలక చెప్పాను కూడా. ఆవిడ ఒట్టు తీసి గట్టు మీద పెట్టి గంటసేపు మాట్లాడింది.

ఇప్పుడు విను. ఆసుపత్రిలో కుళాయి ఎవరు తిప్పుతారు? వాచ్‌మన్ తిప్పుతాడా? ఆపరేషనై లేచినవాళ్లు తిప్పుతారు. వేళ్లు వాచినవాళ్లు, చేతికి సూది గుచ్చి ఉన్నవాళ్లు తిప్పుతారు. నేను మైనంతో మలిచిందంతా ఆ చేతుల్ని ఊహించుకుని. ఊహే. అలాంటి చెయ్యి ఒక్కటి కూడా నా దగ్గర లేదు. నా చేతికి ఏదైనా తిరుగుతుంది, మేస్త్రి చేతికి తిరగనిది లేదు. నా కుళాయిని నిజంగా పరీక్షించినవాడు ఇప్పటిదాకా నువ్వొక్కడివే, అదీ అత్తయ్య చూడకుండా!

నువ్వు కార్ఖానా పెట్టినప్పుడు కుళాయిలు కారడం జనానికి బాధ. దానికి గట్టి పట్టు కనిపెట్టి నువ్వు నెగ్గావు. ఇప్పుడు బిగుసుకుపోవడం బాధ. పని అదే మామయ్యా, జనానికి ఏది కష్టంగా ఉందో చూసి దాన్ని తీర్చడం. అది మానేసిన రోజున కార్ఖానాకి తాళం పడుతుంది, దాంతో పాటు ఈ వీధికీ పడుతుంది.

జాలిపడి పిలవడం లేదు. పని ఉంది, రా. కొత్త సంతకం ఇస్తే బ్యాంకు తీసుకుంటుందట, కనుక్కున్నాను. అది ఎంత వంకరగా ఉన్నా ఫరవాలేదు, ప్రతిసారీ అదే వంకర ఉండాలట.

కోడలు

*

సముద్రం వైపు ఇల్లు
తిరిగొచ్చిన మర్నాడు

గడుగ్గాయీ,

క్షేమంగా చేరాం. దారంతా మీ అత్తయ్య నిద్రపోయింది, నేను మాత్రం కిటికీలోంచి చూస్తూ నవ్వుకుంటూనే ఉన్నాను. పక్కసీటు ఆయన నాకు మతి చలించిందనుకుని ఉంటాడు.

నువ్వు కూడా అక్కడే ఉన్నావు, అయినా నా వైపు నుంచి చెప్పాలనుంది. లోపలికి అడుగు పెట్టగానే ఇత్తడి పొడి వాసన తగిలింది. కాళ్లు ఆగిపోయాయి, వెనక్కి వెళ్లిపోదామనుకున్నాను. అంతలో ప్యాకింగ్ అక్క 'పెద్దాయనొచ్చాడు!' అని కేకేసింది, ఇక వెళ్లడానికి దారేదీ? నీళ్లు తెచ్చేవాళ్లూ, కుర్చీ తెచ్చేవాళ్లూ. నేను దారంతా కూడబలుక్కున్న ఉపన్యాసం ఎటో పోయింది. ఊరికే జేబులోంచి చెయ్యి తీసి బల్ల మీద పెట్టాను.

'ఇదిగో, నా పట్టు ఇప్పుడింతే' అన్నాను.

అక్క కళ్లనిండా నీళ్లు. మరుక్షణమే నా మీద విరుచుకుపడింది. 'ఇన్నాళ్లూ చెప్పకుండా ఉంటారా? మేమేమన్నా పరాయివాళ్లమా?' అంది. తిట్లు తింటుంటే ప్రాణం లేచొచ్చింది.

ఆ తరవాత కుళాయిలు ఒక్కొక్కటే నా ముందు పెట్టారు. మొదటిది తిరిగింది, రెండోదీ తిరిగింది. మూడోది తిరగలేదు. 'దీన్ని పక్కన పెట్టండి' అన్నాను. మేస్త్రి తిప్పి చూసి, 'నాకు తిరుగుతోందే పెద్దాయనా' అన్నాడు. 'నీకు తిరిగితే ఏం లాభంరా, ఆసుపత్రిలో పడుకునేది నువ్వు కాదుగా' అన్నాను. నువ్వు విప్పి చూసి, బిళ్లల మధ్య గ్రీజు తక్కువైందన్నావు. అప్పుడు వాళ్ల మొహాలు చూశావా? గట్టిగా బిగించడం కంటే ఇది కష్టమైన పరీక్ష అని అందరికీ ఒక్కసారే అర్థమైంది. నాకు కూడా.

నేను లేచేసరికి బల్ల చివర కూర్చున్న కొత్తపిల్ల చిటికెన వేలితో కుళాయి తిప్పి, 'పెద్దపట్టు!' అంది. అందరూ చప్పట్లు కొట్టారు. మేస్త్రి వేలు లావు కదా, వాడికింకా సరిగ్గా కుదరడం లేదు.

సంతకం బ్యాంకులో ఇచ్చి వచ్చాను. వాళ్లు మూడుసార్లు పెట్టించారు. మూడూ ఒకేలా వంకరగా వచ్చాయి, చాలా గర్వంగా ఉంది.

మామయ్య

*

కార్ఖానా, మెట్ల మీద కొత్త ఆఫీసు గది
చలి మొదలైంది

మామయ్యకి,

రెండో విడత వెళ్లి రెండు నెలలు దాటింది. ఒక్కటీ తిరిగి రాలేదు, ఒక్కటీ కారలేదు. ఆసుపత్రి వాళ్లు ఒప్పందం పంపారు, నీ వంకర పక్కన నా సంతకం పెట్టాను. నిన్న ఒక బడివాళ్లు వచ్చారు. పసిపిల్లలకి అందే ఎత్తులో కావాలట.

పెద్ద కంపెనీ మనిషి మళ్లీ వచ్చాడు. ఈసారి కొంటానని రాలేదు, తన పేరు మీద మన కుళాయి చేసి పెడతారా అని అడిగాడు. 'అది మా పరిధిలోకి రాదండీ' అన్నాను. మర్యాదగానే.

నువ్వు ఇప్పుడు వస్తే వీధిని గుర్తుపట్టవు. పక్క పోతశాలవాడు రెండో కొలిమి పెట్టాడు. అట్టపెట్టెలవాడు తన తమ్ముణ్ణి పిలిపించుకున్నాడు. మూలన ఏళ్లతరబడి దించేసి ఉన్న షట్టరు ఎత్తి, బిళ్లలు సానపెట్టే పని పెట్టారు. అక్కడ పనిచేసేది మన మెరుగు గదిలో నేర్చుకున్నవాళ్లే. ఇది నేనొక్కదాన్నే చేశానని అనను. కానీ ఎవరో ఒకరు ముందు నడవాలి కదా, ఆ ఒకరు నేనైనందుకు సంతోషంగా ఉంది. చెప్పుకోవడానికి సిగ్గుపడను, నీ దగ్గర అసలు పడను.

ఈ పొట్లంలో బడి కుళాయి ఉంది. కొత్త పిడి. మేస్త్రి బాగుందన్నాడు, అక్క బాగుందంది, నాకైతే ఇంతకంటే బాగా ఎవరూ చెయ్యలేరనిపించింది. నీ కుడిచెయ్యి చెబితే గానీ అచ్చు పోయించను. తొందరగా రాయి.

కోడలు

*

సముద్రం వైపు ఇల్లు

గడుగ్గాయీ,

ఇది కుడిచేత్తో రాస్తున్నాను. అందుకే పొట్టిగా.

తిరగలేదు. మళ్లీ చెయ్యి.

మామయ్య